గోడమీది పిల్లియా, నమ్మకమైన సాక్షియా?

ధ్యాన భాగములు: 1 రాజులు 7:13–47; 1 కొరింథీయులకు 1:10–13; లేవీయకాండము 5:1



మన వర్ధన్నపేటలో తెల్లవారి వరంగల్లు పోవు బస్సు ఎక్కినవారి చేతి సంచులను చూచిన యెడల వారి బ్రదుకుదెరువు ఏదియో తెలిసిపోవును. ఒకని సంచిలో తాపీయు మట్టపు బద్దయు నుండును. ఇంకొకని సంచిలో వైరు చుట్టలును టెస్టరును ఉండును. వేరొకని సంచిలో లెక్కల కాగితములును ఒడిలో పెట్టుకొను కంప్యూటరును ఉండును. వీరిలో అనేకులు ఏ ఆఫీసునకును నౌకరులు కారు. ఏ హాజరు పట్టీలోను వీరి పేరు లేదు. పనిని గుత్తకు పట్టుదురు, ముగించి బిల్లు వ్రాసి ఇత్తురు, డబ్బు చేతికి వచ్చువరకు ఎదురుచూతురు. మన ఊరు 2018లో మునిసిపాలిటీ అయినది గాని, అంతకు ముందును తరువాతను ఇట్టి గుత్త పనివారు మన సంఘములో తక్కువ కాలేదు. ఈ నెల ధ్యానము ముఖ్యముగా వారి కొరకును, వారికి పనినిచ్చువారి కొరకును వ్రాయుచున్నాను. నేనును వారిలో ఒకడను.

గుత్త పనివానికి శ్రమ కంటె కష్టమైన శోధన ఒకటి కలదు. అతడు ఏ ఆఫీసులో కాలు పెట్టినను అక్కడ రెండు గదులు, రెండు పక్షములు ఉండును. పని అప్పగించినవారు ఒకరు, పనిని సరిచూచువారు ఒకరు, బిల్లు మీద సంతకము చేయువారు వేరొకరు. వీరిలో వీరికి మాటలు లేకపోవచ్చును. నౌకరులకైతే యూనియను కలదు, బదిలీ కలదు, పై అధికారికి మొర పెట్టుకొను దారి కలదు. గుత్త పనివానికి ఉన్న ఆధారమెల్ల ఆ సంతకమే. ఒక గదిలోనివారు టీ తెప్పించి, "ఏమన్నా, అవతలి గదిలో నా గురించి ఏమనుకుంటున్నరు?" అని అడుగుదురు. అవతలి గదిలోనివారు, "నువ్వు బయటి మనిషివి, నీకేం భయం? జర చెప్పు" అందురు. కరవమంటే కప్పకు కోపము, విడవమంటే పాముకు కోపము. అడకత్తెరలో పోకచెక్క వంటి బ్రదుకు అది.

అందుచేత మనలో చాలమంది ఒక మాట నేర్చుకొన్నాము: "నేను ఏ పక్షమునకును చెందినవాడను కాను. నా పని నాది." ఈ మాట నీతిగల మాటయా, లేక పిరికితనమునకు కప్పిన దుప్పటియా? దీనిని వాక్యపు వెలుగులో పరీక్షింతము.

మొదట ఆ మాటలోని మంచిని చూతము. సొలొమోను మందిరము కట్టించునప్పుడు తూరునుండి హీరాము అను ఇత్తడి పనివానిని పిలిపించెను. ఇతడు తూరు రాజైన హీరాము కాడు, ఆ పేరే గల వేరొకడు. తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరు పట్టణస్థుడు. అనగా యెరూషలేములో ఇతడు సగము మనవాడు, సగము బయటివాడు. అతడు వచ్చిన కొలువు ఎట్టిదో జ్ఞాపకము చేసికొనుడి. కొద్ది సంవత్సరముల క్రిందటనే ఆ కొలువు రెండుగా చీలియుండెను. అదోనీయా వైపున యోవాబును అబ్యాతారును, సొలొమోను వైపున సాదోకును నాతానును బెనాయాయు నిలిచిరి. తరువాత అదోనీయా, యోవాబు చంపబడిరి. అబ్యాతారు అనాతోతునకు పంపివేయబడెను. అట్టి కొలువులో గోడలకు సహితము చెవులుండునని వేరుగ చెప్పవలయునా?

అయినను హీరాము ఎవరి మనుష్యుడో లేఖనము ఒక్క మాటయు చెప్పలేదు. అతడు పోసిన స్తంభములు ఒక్కొక్కటి పదునెనిమిది మూరల ఎత్తు, పండ్రెండు మూరల చుట్టుకొలత గలవని చెప్పుచున్నది. వాటి పీటల మీద తామర పువ్వుల పని యుండెననియు, ఒకదానికి యాకీను, మరియొకదానికి బోయజు అని పేరులు పెట్టెననియు చెప్పుచున్నది. పండ్రెండు ఎడ్ల మీద నిలిచిన పది మూరల వెడల్పు గల గొప్ప నీటి తొట్టి సంగతియు చెప్పుచున్నది. ఇంకొక చిన్న సంగతిని గమనింపుడి. అతని పోత పని యెరూషలేము రాచవీధిలో జరుగలేదు. సుక్కోతునకును సారెతానునకును నడుమ యొర్దాను మైదానపు జిగట మట్టిలో జరిగెను. మంచి మట్టి ఎక్కడ నున్నదో అక్కడికి అతడు పోయెను. కొలువులోని గుసగుసలు అంత దూరము వినబడియుండవు.

మన వరంగల్లు సీమలోను ఇట్టి సాదృశ్యమొకటి కలదు. పాలంపేటలోని రామప్ప గుడిని కాకతి గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెనని శాసనము చెప్పుచున్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. ఆరాధన విషయములో మన త్రోవ వేరు. అయినను ఆ గుడి పిలువబడుచున్నది కట్టించిన సేనాని పేరున కాదు, చెక్కిన శిల్పి పేరుననే యని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ కాలపు కొలువులో ఏ సామంతుడు ఏ సామంతునిపై చాడీలు చెప్పెనో నేడు పాలంపేటకు పోవువాడెవడును అడుగడు.

కావున గుత్త పనివాడు నేర్చుకొనవలసిన మొదటి పాఠము ఇది. నీ పేరు నీ పనినిబట్టి నిలువవలెను గాని, నీవు ఎవరి గదిలో ఎక్కువసేపు కూర్చుంటివో దానినిబట్టి కాదు. కట్టెలు లేకపోయినచో అగ్ని ఆరిపోవునట్లు, కొండెగాడు లేని చోట జగడము చల్లారునని సామెతల గ్రంథకర్త నేర్పుచున్నాడు (26:20). ఒక గదిలోని మాటను వేరొక గదికి మోయువాడు రెండు గదులకును కట్టెలు మోయుచున్నాడు. ఆ మంటలో మొదట కాలునది అతని చేతులే.

రెండవ పాఠము యాకోబు దగ్గర నేర్చుకొందము. అతడు మామ యింట ఇరువది సంవత్సరములు పనిచేసెను. జీతము పది మారులు మార్చబడెనని అతడే చెప్పుకొనెను. చివరి ఒప్పందములో అతడు కోరినదేమి? పొడలును మచ్చలును గల జీవములు తనవి, తక్కినవి మామవి అని. ఎవడు వచ్చి చూచినను ఏది ఎవరిదో కన్నులకు కనబడవలెను, తన న్యాయమునకు ఆ గురుతే సాక్ష్యము పలుకవలెను (ఆదికాండము 30:32–33). అయినను లాబాను కుమారులు సణిగిరి. ఒప్పందము స్పష్టముగా నున్నంత మాత్రమున అసూయ ఆగదు గాని, అసూయకు పట్టు దొరకదు. ప్రియ సోదరులారా, పనికి ముందే ధరను, గడువును, పని హద్దును కాగితము మీద వ్రాయించుకొనుడి. ఏ దినమున ఏ వస్తువును ఎవరి చేతినుండి తీసికొంటిరో, ఎవరికి తిరిగి ఇచ్చితిరో ఒక పుస్తకములో వ్రాసి సంతకము చేయించుకొనుడి. నోటి మాటను నమ్మి పని చేసినవాడు తుదకు ఎవరో ఒకరి దయ మీద బ్రదుకవలసి వచ్చును. దయ మీద బ్రదుకువాడు పక్షము కట్టక తప్పదు.

ఇంతవరకు చెప్పినది సులభమే. హీరాము తన పని తాను చేసికొనెను, మనమును మన పని మనము చేసికొందము అని ధ్యానమును ఇక్కడనే ముగింపవచ్చును. అయితే అదే గ్రంథములో ఇంకొక మాట కలదు. ఆ మందిరపు పనికి సొలొమోను ముప్పదివేలమందిని వెట్టికి పట్టి, నెలకు పదివేల చొప్పున లెబానోనునకు పంపెను (1 రాజులు 5:13–14). తరువాతి కాలమందు ప్రజలు రెహబాము నెదుటికి వచ్చి, నీ తండ్రి మా మీద పెట్టిన కాడి బరువైనదని మొర పెట్టిరి. ఆ బరువును మోసినవారిని హీరాము చూచెనో లేదో, చూచి ఏమనెనో లేఖనము చెప్పలేదు. పనితనమొక్కటే మనుష్యునికి చాలునా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టినది కాదు. నా తప్పులోనుండి పుట్టినది. ఆ సంగతి దాచక చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంస్థలో పాత రశీదు పుస్తకములను కంప్యూటరులో ఎక్కించు పనిని పుటకింత అని గుత్తకు పట్టితిని. సంస్థ పేరు చెప్పుట వలన ఎవరికిని మేలు లేదు గనుక చెప్పను. అక్కడ పై అధికారికిని లెక్కల విభాగపు పెద్దకును పొసగదు. నేను ఎవరి టీ త్రాగినను రెండవవారిది కూడ త్రాగుదును, ఎవరి మాటకును బదులు చెప్పక నవ్వి ఊరకుందును. ఇది గొప్ప తెలివి యని నన్ను నేను మెచ్చుకొంటిని.

ఒక దినమున రెండు రశీదు పుస్తకములు కనబడలేదని అలజడి పుట్టినది. ఒక పక్షమువారు ఆ తప్పును రెండవ పక్షపు గదిలో పనిచేయు ఒక కుర్రవాని మీద మోపిరి. అతడు అక్కడ చేరి నాలుగు నెలలైన కాలేదు, అతని కొలువును ఒప్పందపు కొలువే. ఆ కట్ట నా చేతికి వచ్చిన దినముననే రెండు పుస్తకములు తక్కువగా నున్నవని నేను నా పుస్తకములో వ్రాసికొంటిని. ఆ తేదీ కుర్రవాడు కొలువులో చేరుటకు ముందటిది. అతనికి ఈ సంగతి ఎట్లో తెలిసినది. మెట్ల దగ్గర నన్ను ఆపి, "సార్, మీ పుస్తకంల రాసుకున్నరు గదా, ఒక్క మాట చెప్పుండ్రి" అని అడిగినాడు.

అప్పటికి నా మూడు నెలల బిల్లు సంతకము కొరకు బల్ల మీద నున్నది. నేను, "బాబూ, నేను బయటి మనిషిని. మీ ఆఫీసు గొడవల్లోకి నన్ను లాగకు" అని చెప్పి మెట్లు దిగి వచ్చితిని. ఆ వారములోనే కుర్రవానిని తీసివేసిరి.

నేను ఏ అబద్ధమును చెప్పలేదు. ఎవరి మీదను చాడీ చెప్పలేదు. ఎవరి పక్షమును కట్టలేదు. ఈ మూడు మాటలను ఇంటికి పోవు దారి పొడుగున మనస్సులో చెప్పుకొంటినే గాని, రాత్రి కుటుంబ ప్రార్థనకు గ్రంథము విప్పినప్పుడు ఆ వరుసలో వచ్చినది లేవీయకాండము అయిదవ అధ్యాయము. దాని మొదటి వచనము చెప్పునది ఇది: చూచినవాడు గాని తెలిసినవాడు గాని సాక్షిగా పిలువబడియు తెలియజేయని యెడల ఆ దోషము వాని మీదనే యుండును. పాపము చేసినవాని మీద మాత్రమే కాదు, తెలిసి నోరు మూసికొన్నవాని మీదను. నా భార్య ఆ వచనమును చదివి ముందుకు పోయినది. నేను పోలేకపోతిని.

అప్పుడు నాకు తెలిసినది. నేను ఏ పక్షమునకును చెందలేదని అనుకొంటిని గాని, నా బిల్లు పక్షమునకు చెందియుంటిని. గోడమీది పిల్లి ఎటువైపును దూకలేదని లోకులు మెచ్చుకొనవచ్చును. అది చూచునది ఎటువైపున పాలు దొరకుననియే.

ప్రియులారా, ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న పుట్టును. ఒక గది మాటను రెండవ గదికి మోయరాదని మొదట చెప్పి, తెలిసినది చెప్పకపోవుట దోషమని ఇప్పుడు చెప్పుచున్నావే, చాడీకిని సాక్ష్యమునకును భేదమెట్లు తెలియును? దీనికి కొరింథు సంఘము మనకు సహాయము చేయును. ఆ సంఘములో నాలుగు పక్షములు లేచినవి. ఒకరు పౌలు వారమనిరి, ఒకరు అపొల్లో వారమనిరి, ఒకరు కేఫా వారమనిరి, ఒకరు క్రీస్తు వారమనిరి. ఆ సంగతి పౌలుకు ఎట్లు తెలిసినది? క్లోయె యింటివారి వలన. పౌలు ఆ పేరును పత్రికలోనే వ్రాసినాడు, సంఘమంతయు వినగా చదువబడునట్లు. ఆ యింటివారు తమ పేరు దాచుమని కోరియుండిన యెడల ఆయన అట్లు వ్రాసియుండడు కదా.

చాడీకి పేరుండదు. "నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకు" అని అది మొదలగును. సాక్ష్యము తన పేరుతోను తేదీతోను వచ్చును. చాడీ ఒకని ఎదుట ఒక రీతిగాను, మరియొకని ఎదుట మరియొక రీతిగాను మాటలాడును. సాక్ష్యము రెండు గదులలోను ఒకే మాట పలుకును. చాడీ తాను ఊహించినదానిని గూడ కలుపును. సాక్ష్యము చూచినదానితో ఆగిపోవును. చాడీ చెప్పువానికి దాని వలన ఏదో యొక లాభము కలుగును. సాక్ష్యము చెప్పువానికి తరచుగా నష్టమే కలుగును. ఈ నాలుగు గురుతులను పెట్టుకొని నీ నోటిమాటను నీవే పరీక్షించుకొనవచ్చును.

ఇంకొక జాగ్రత్తయు అవసరము. నిర్గమకాండము 23వ అధ్యాయపు ఆరంభములో దేవుడు తన ప్రజలకు రెండు హెచ్చరికలు చేసెను. సమూహమును వెంబడించి న్యాయమును త్రిప్పివేయకుము. బీదవాడైనంత మాత్రమున వాని వ్యాజ్యెములో పక్షపాతము చూపకుము. ఎంత సరియైన తూకము! బలవంతుని సంతకమునకు భయపడి అబద్ధమును మోయరాదు. జాలిపడి బలహీనుని అబద్ధమును గూడ మోయరాదు. ఆ కుర్రవాడు బీదవాడు గనుక కాదు, ఆ తేదీ నిజమైనది గనుకనే నేను చెప్పవలసియుండెను.

పౌలును గూర్చి ఇంకొక మాట. ఆయన కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూడ డేరాలు కుట్టి బ్రదికెను (అపొస్తలుల కార్యములు 18:3). తన చేతిపనితో తినువాడు గనుక ఎవరికిని మొగమాటపడవలసిన అక్కర లేకుండెను. ఆ స్వాతంత్ర్యముతో ఆయన ఏమి చేసెను? మొదట తన పేరు పెట్టుకొన్న పక్షమునే గద్దించెను. నాకొరకు సిలువ వేయబడినవాడు పౌలా అని అడిగించుకొనవలసినంత దూరము మీరు పోయితిరా అని సిగ్గుపరచెను. మరియు తాను అందరి విషయము స్వతంత్రుడై యుండియు, ఎక్కువమందిని సంపాదించుకొనుటకై అందరికిని దాసుడనైతినని తొమ్మిదవ అధ్యాయములో చెప్పుకొనెను. గుత్త పనివాడా, నీవు ఎవరి నౌకరువును కావు. ఆ స్వాతంత్ర్యము దేవుడు నీకిచ్చినది ఎవరి జోలికి పోకుండ తప్పించుకొనుటకు కాదు, అందరికిని ఒకే మాట చెప్పగలుగుటకు. ఆఫీసులో ఉన్నవాడు చెప్పలేనిదానిని ఒక్కొక్కసారి బయటివాడే చెప్పగలడు.

పనినిచ్చు సోదరులకును ఒక మనవి. కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకక మునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది (24:15). బిగపట్టిన కూలి మొర పెట్టుచున్నదని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది (5:4). మన దేశపు చట్టమును దీనిని కొంతమట్టుకు గుర్తించినది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము నమోదైన చిన్న సంస్థకు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను 45 దినములలోపల డబ్బు చెల్లింపవలెను, దాటినచో వడ్డీయు ఇయ్యవలెను. అయితే చట్టము చేయలేని పని ఒకటి కలదు. నీ బల్ల మీద ఆగిన బిల్లు ఒక మనుష్యుని నోటికి తాళమగుచున్నదని నీకు గుర్తు చేయుట మనస్సాక్షి పని. సంతకము చేయుటకు ముందు, వీడు ఎవరి మనిషి అని అడుగకుము. పని సరిగా జరిగినదా అని మాత్రమే అడుగుము.

ఇక నా సంగతి ముగింతును. పండ్రెండు దినములు పెనుగులాడిన తరువాత నా పుస్తకములోని ఆ పుటకు నకలు తీయించి, నాకు తెలిసినంత మాత్రము ఒక ఉత్తరములో వ్రాసి, సంతకము చేసి, ఆ యిద్దరు పెద్దలకును ఒకే దినమున ఒకే రీతిగా అందజేసితిని. ఎవరు ఎత్తుకొనిపోయిరో వ్రాయలేదు, ఏలయనగా అది నాకు తెలియదు. కుర్రవానిమీద పెట్టిన నేరము కాగితముల నుండి కొట్టివేయబడినదని తరువాత వింటిని. కొలువు మాత్రము తిరిగి రాలేదు. అప్పటికే అతడు హైదరాబాదుకు పోయి వేరొక పనిలో చేరియుండెను. నా బిల్లు ఆరు నెలలకు వచ్చినది. మరుసటి సంవత్సరము ఆ పని నాకు రాలేదు. కుర్రవానికి ఫోను చేసి క్షమింపుమని అడిగితిని. "పర్వాలేదు సార్" అన్నాడు. ఆ పండ్రెండు దినములను మాత్రము నేను అతనికి తిరిగి ఇయ్యలేను.

ఆ ఉత్తరమును మెట్ల దగ్గర అడిగిన దినముననే వ్రాసియుండిన యెడల ఎట్లుండెడిదో అని ఇప్పటికిని బస్సులో కూర్చున్నప్పుడు తలంచుచుందును. చదువరీ, నీ సంచిలోను ఒక పుస్తకము ఉండవచ్చును. అందులో ఎవరికో అవసరమైన ఒక తేదీ ఉండవచ్చును. ఎవరైనను మెట్ల దగ్గర నిన్ను ఆపి అడిగినప్పుడు నీవు బయటి మనిషివని చెప్పి దిగిపోకుము.

ప్రభువా, మా చేతిపనిని స్థిరపరచుము. కొండెములాడకుండ మా నాలుకను కాపాడుము. నిజము పలుకవలసిన గడియలో మా నోటిని తెరువుము. మా ఆహారము మనుష్యుల సంతకము నుండి కాక నీ చేతినుండియే వచ్చుచున్నదని మాకు నేర్పుము. ఆమేన్.